ఆ మాట ఎవరు రాసిపెట్టారు?

లింగంపల్లి దాటితే బీహెచ్‌ఈఎల్ చౌరస్తా, తర్వాత రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్. ముంబయి రోడ్డు పట్టుకుని పోతే సంగారెడ్డి దాకా ఫ్యాక్టరీ గోడలు, లారీలు, చాయ్ బండ్లు. ఈ రోడ్డు మీద రాసేవాళ్లు, నాటకాలాడేవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకున్న కాలం ఒకటుంది. దాని వల్ల ఎవరికేం ఒరిగింది అన్నదే ఈ తగాదా.

ఒకరు ఇక్కడి ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. సొంతూరు సదాశివపేట పక్కన. పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టీ కట్టీ మామూలుగా మాట్లాడినా వెనక వరసకు వినపడేలా మాట్లాడతారు. రెండోవారు సంగారెడ్డిలో డిగ్రీ కాలేజీ లెక్చరరు. పుట్టింది తెనాలి, రాసేది నాటికలు, నచ్చనివి సాహిత్య సమావేశాలు. మధ్యలో నేను. తటస్థంగా ఉన్నానని మాత్రం అనను.

నటుడు: ఆదివారం నలుగురం కూసుంటున్నం, రమ్మంటె రానన్నవట. ఏం, మా చాయ్ చేదా?

రచయిత్రి: చాయ్ బాగానే ఉంటుంది బాబాయిగారూ. దాని చుట్టూ జరిగేదే నాకు పడదు. ఒకాయన చమత్కారం విసురుతాడు, పక్కాయన దానికి మెరుగు పెడతాడు, మూడో ఆయన ‘వహ్వా’ అంటాడు. ఇంటికెళ్లి చూసుకుంటే ఏ ఒక్కరి దగ్గరా ఒక్క పేజీ ఉండదు. రాయాల్సిన పొద్దంతా మాట్లాడి ఖర్చు పెట్టేస్తారు.

నటుడు: ఎవరూ లేని ఇంట్ల నవ్వు పుడుతదా బిడ్డా? చెవులు కావాలె, అవి గూడ ఒక్కనివి చాలవు. మన ఆందోలు మనిషి మఖ్దూం మొహియుద్దీన్‌నే తీస్కో. 1908ల పుట్టిండు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు మన సంగారెడ్డి జిల్లానే. ఉస్మానియాల చదువుకునేటప్పుడు ఆయనకు మొదటి పేరు దేంతో వచ్చింది? ఇంక్విలాబ్‌తోని కాదు, హాస్టలు దోస్తు పసుపుపచ్చ శాలువ మీద అల్లిన ఎకసెక్కెంతోని. ‘పీలా దుశాలా’ అంటరు దాన్ని. కాలేజంత పాడుకున్నరు. హాస్టలు గదిల గుంపు లేకుంటె ఆ శాలువ ఉత్త శాలువనే.

రచయిత్రి: శాలువతో మొదలైతే అయ్యాడు. శాలువ దగ్గరే ఆగిపోయి ఉంటే ఇవాళ మీరు ఆయన పేరెత్తేవారా? ‘సుర్ఖ్ సవేరా’ 1944లో వచ్చింది. మధ్యలో ఎంత జరిగింది! పార్టీ, కార్మిక సంఘాలు, అజ్ఞాతవాసం. ఆయన్ని పెద్దకవిని చేసింది బల్ల కాదు, బల్ల మీంచి లేచి వెళ్లడం.

నటుడు: లేచిపోయినోడు మళ్లొచ్చి కూసున్నడు గదా! ఆబిడ్స్‌ల ఓరియంట్ హోటల్ అంటె ఏంది? మఖ్దూం కూసునె, ఎం.ఎఫ్. హుసేన్ కూసునె, పేపరోళ్లు కూసునె, లీడర్లు కూసునె. ఒక్క చాయ్ మీద పొద్దు గూకేది. ఎమ్మెల్సీ అయినంక గూడ దోస్తుల నడుమనే ఉండె ఆయన. జైలుకు పోయొచ్చిన మనిషికి ఓరియంట్ల ఏం పని అని నీకు డౌటు రాలేదా?

రచయిత్రి: అలసిపోయి వచ్చాడు. అలసట తీర్చుకునే చోటు వేరు, పని చేసుకునే చోటు వేరు.

నటుడు: అలసట తీరకుంటె పనెట్లయితది తల్లీ? షాపుల లేత్ మిషనుకు గూడ కూలెంటు పోస్తం.

ఇక్కడ పెద్దాయన ఒక పాయింటు గెలిచారని నాకనిపించింది. మఖ్దూం నాటకాలవాడు కూడా. బెర్నార్డ్ షా నాటకం ఒకదాన్ని ‘హోష్ కే నాఖూన్’ పేరుతో ఉర్దూలోకి మార్చి కుర్రతనంలోనే ఆడించాడు. నాటకాలవాళ్లకు ఒంటరితనం అచ్చిరాదు. లెక్చరర్ గారు మాత్రం తగ్గలేదు, తూర్పుకు తిరిగారు.

రచయిత్రి: మా తెనాలి సంగతి చెప్తాను వినండి. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి సాహితీసమితి అంటే ఆ రోజుల్లో రాసేవాళ్లకు కొలువు లాంటిది. కృష్ణశాస్త్రి, నండూరి, విశ్వనాథ, చింతా దీక్షితులు, మునిమాణిక్యం... అందరికీ ఆయనే సభాపతి. గొప్పవాళ్లే, కాదనను. కానీ మునిమాణిక్యం కథల్లో చమత్కారమంతా ఎవరిది? భార్య కాంతానిది. వాయించేది ఆవిడ, తేలుకుట్టిన దొంగలా నిలబడేది ఆయన. ఇంట్లో మాట నెగ్గేది కాంతం, సమితిలో కుర్చీ మాత్రం మునిమాణిక్యానికి. ఏ మండలి చరిత్ర తిప్పినా నాకు ముందు కనపడేది ఆ లేని కుర్చీయే.

నటుడు: గది పాత కాలం.

రచయిత్రి: పాత కాలమా? మీ కాలమే అడుగుతాను. మీ నాటకాల్లో ఆడవేషానికి ఎవరొచ్చేవారు?

నటుడు: ఆర్టిస్టులొచ్చేటోళ్లు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, మీ తెనాలి నుంచి గూడ. పరిషత్తుకు రెండు రోజుల ముందు దిగేటోళ్లు.

రచయిత్రి: రెండు రోజుల్లో డైలాగులు పట్టుకుని, అదే పరిషత్తులో మరో రెండు సమాజాలకు కూడా వేషం వేసి, ప్రైజు మీ సంస్థకిచ్చి రాత్రి బస్సెక్కేవారు. అవునా?

నటుడు: (కొంచెంసేపు ఆగి) అవును.

రచయిత్రి: ఊరూరా తిరిగిన మనిషి. పది సమాజాల డైరెక్టర్ల తిక్కలూ మేకప్‌రూమ్ గొడవలూ ఆమెకు తెలుసు, ఎవరికి డైలాగు రాదో తెలుసు, ఎవరు చేయి పట్టుకుంటారో తెలుసు. మీ అందరికంటే ఎక్కువ కథలు ఆమె దగ్గరున్నాయి. నాటకం అయ్యాక మీరంతా చాయ్ దగ్గర చేరి తెల్లారేదాకా నవ్వుకున్నారే, ఆమె ఎక్కడుంది?

నటుడు: బస్సుల.

రచయిత్రి: మీ మండలిలోని అసలు చమత్కారి బస్సులో కూర్చుని నిద్రపోతోంది బాబాయిగారూ. మీరు మిగతావాళ్లు.

నటుడు: (నవ్వి) దెబ్బ గొట్టినవ్ పో. తప్పు తప్పే. కాని దానికి మందేంది? ఆమెకు గూడ కుర్చీ ఎయ్యాలె గని, బల్లనే ఇరగ్గొడ్తమంటవా?

ఈ మాటతో వాదం సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. ఆమె సంచిలో అల్గాంక్విన్ ఉంది మరి.

రచయిత్రి: లోకంలో అన్నింటికంటే పేరుమోసిన బల్ల న్యూయార్కులో అల్గాంక్విన్ హోటల్లోది. 1919లో మొదలై పదేళ్లు నడిచింది. పత్రికలవాళ్లు, నాటక విమర్శకులు, నాటకకర్తలు రోజూ మధ్యాహ్నం భోజనానికి చేరేవారు. డొరొతీ పార్కర్, జార్జ్ కౌఫ్‌మన్, రాబర్ట్ బెంచ్లీ, అలెగ్జాండర్ వుల్కాట్. ఇది గొప్పదని లోకానికి ఎట్లా తెలిసిందంటారు? ఫ్రాంక్లిన్ ఆడమ్స్ అని కాలమిస్టు ఒకడు అక్కడే కూర్చుని, వాళ్లు మధ్యాహ్నం అన్న మాటల్ని తన పేపర్లో వేసేవాడు. అతనే లేకపోతే అదొక హోటలు బిల్లు, అంతే. అంతా అయ్యాక పార్కర్‌గారు స్వయంగా ఆ మండలిని తీసిపారేశారు. తమ కాలంలో అసలు పెద్ద రచయితలు ఆ బల్ల దగ్గర లేరన్నారు.

నటుడు: ఆమెకేం, అంటది. ఆ కౌఫ్‌మన్ సంగతి చెప్పు మరి. ఇంచుమించు ప్రతి నాటకం ఇంకొకలతోని కలిసే రాసిండట గదా? ఒంటరిగ కూసుంటె ఆయన చెయ్యి ఆడేటిది కాదు. నాటకమంటెనే అంత. సీన్ల ఇద్దరు మాట్లాడాలంటె రాసేటప్పుడు గూడ ఇద్దరుండాలె. అక్కడ భోజనం చేసిన హెరాల్డ్ రాస్ గద 1925ల ‘న్యూయార్కర్’ పెట్టింది? బల్ల ఉత్తగ పోలేదు.

రచయిత్రి: పత్రిక పుట్టింది, సరే. పార్కర్‌గారి జీవితంలో నాకు నచ్చిన ఘట్టం బల్ల దగ్గర జరిగింది కాదు. 1927లో సాకో, వాంజెట్టీ అనే ఇద్దరు ఇటాలియన్ కార్మికులకు మరణశిక్ష వద్దని బోస్టన్ వెళ్లి నినాదాలిచ్చి అరెస్టయ్యారు. చనిపోతూ తన ఆస్తి మార్టిన్ లూథర్ కింగ్‌కు రాసిచ్చారు. ఆ బల్ల దగ్గర అంతమంది ఉంటే అంతదూరం వెళ్లింది ఎందరు?

నటుడు: నువ్వు ప్రతిసారి లేచిపోయినోళ్లనే చూపిస్తున్నవ్. లేచిపోవాల్నంటె ముందుగాల కూసోవాలె గద!

రచయిత్రి: కూర్చోకుండానే పుట్టినవాళ్లను చూపించనా? తెలుగులో అందరికీ తెలిసిన హాస్య మండలి ఏది? సాక్షి సంఘం. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొర్రయ్యసెట్టి. ఐదుగురు. ఆ ఐదుగురూ ఒక్క పానుగంటి లక్ష్మీనరసింహారావుగారే! ఇంగ్లీషు ‘స్పెక్టేటర్’ క్లబ్బు చూసి, పిఠాపురంలో కూర్చుని ఒక్కడే సంఘం పెట్టుకున్నాడు. చందా లేదు, చాయ్ లేదు, అలకలు లేవు. జంఘాలశాస్త్రి ఉపన్యాసాలు మాత్రం మిగిలాయి. హైదరాబాదులోనే చూడండి, బబ్బన్‌ఖాన్ ‘అద్రక్ కే పంజే’ 1965లో మొదలుపెట్టి 2001 దాకా ఆడాడు. పదివేల ఆటలు దాటి గిన్నిస్ పుస్తకానికెక్కింది. రాసింది ఆయనే, ఆడించింది ఆయనే. ఏ మండలి సర్టిఫికెట్ ఇచ్చింది?

నటుడు: బబ్బన్‌ఖాన్‌ను నాకు చెప్తున్నవా? చిన్నప్పుడు సంగారెడ్డి బస్సెక్కి పోయి రవీంద్రభారతిల చూసిన. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. సంసారం నిండ పిల్లలు, గుమ్మం నిండ అప్పులోళ్లు. ఆ బాస ఎక్కడిదనుకున్నవ్? గల్లీది. అరుగు మీద కూసున్న పదిమందిది. ఆయన పేపరు మీద పెట్టిండు, గంతే. సర్వర్ దండా, సులేమాన్ ఖతీబ్ దక్కనీల ముషాయిరా చదివితె జనం ఎందుకు పడిపడి నవ్వేటోళ్లు? అది వాళ్ల ఇంట్ల మాట కాబట్కె. జిందా దిలానె హైదరాబాద్ అని 1960లల్ల మొదలైన మండలి లేకుంటె ఆ దక్కనీ నవ్వు గల్లీలనే ఉంటుండె. 1968ల ‘షుగూఫా’ పత్రిక ఎవరి చుట్టు పుట్టింది? ముజ్తబా హుసేన్ ఎవరి నడుమ పెరిగిండు? నరేంద్ర లూథర్ అని పెద్ద ఐఏఎస్ ఆఫీసరు, ఆయన గూడ ఆ గుంపులనే. 1985ల ప్రపంచ హాస్య సమ్మేళనం హైదరాబాదుల పెట్టిన్రు.

రచయిత్రి: ముజ్తబా హుసేన్ 1962 నుంచి ‘సియాసత్’లో కాలమ్ రాశాడు. కాలమ్ అంటే ఏమిటి? గడువు. ఫలానా పొద్దుకు కాగితం చేరాలి. ఆయన్ని ముజ్తబాను చేసింది గడువు, గుంపు కాదు.

నటుడు: గడువు పెట్టంగనె నవ్వొస్తదా? గవర్నమెంటు ఆఫీసుల నిండ గడువులే. ఒక్క జోకన్న వచ్చిందా?

నవ్వింది నేనొక్కణ్నే కాదు, ఆమె కూడా. కానీ ఆమె కలం తీసినట్టు వేలు చూపించింది.

రచయిత్రి: సరే, మీ మండలే చెప్పండి. ఇన్నేళ్లు కూర్చున్నారు కదా. అక్కడ పుట్టి, ఇప్పటికీ బతికున్న మాట ఒక్కటి చెప్పండి. ఒక్కటే.

నటుడు: చెప్త. జెర కథ ఉన్నది. మా ఫ్యాక్టరీ పెట్టింది 1960లల్ల, చెకోస్లొవేకియా వాళ్ల సాయంతోని. పాత మిషన్లు కొన్ని ఆ దేశానియే. ఏ షిఫ్టు రెండింటికి ఇడిస్తరు. రిహార్సల్ ఐదింటికి. నడుమ మూడు గంటలు మాయి. నేను, ఒక డ్రాఫ్ట్స్‌మన్, క్యాంటీన్ సూపర్‌వైజరు, పాతబస్తీ నుంచి వచ్చే ఫిట్టరు, ఒక క్రేన్ ఆపరేటరు. క్రేన్ ఆపరేటరుకు నాటకంల వేషం గూడ లేదు, లైట్లు చూసుకుంటుండె. 1993ల, కొత్త మేనేజరొకాయన షాపుల తిరుగుకుంట ఒక మిషన్ కాడ నిలబడ్డడు. ‘ఇదెక్కడిది?’ ‘చెకోస్లొవేకియాది సార్.’ ‘మరి ఆగిపోయిందేం?’ మావోడు పైనుంచి క్రేన్ దిగుకుంట అన్నడు: ‘ఆ దేశమే ఆగిపోయింది సార్, మిషనెంత!’

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. 1992 చివరితో ఆ దేశం పటం మీంచి పోయిందని తెలిసినవాళ్లెవరికైనా నవ్వొస్తుంది. అయితే ఆ నవ్వులోంచే ఆమెకు కోపం వచ్చింది. నాకు ఈ సంవాదంలో అన్నింటికంటే ముఖ్యమైన చోటు ఇదే.

రచయిత్రి: దీన్ని ఎందుకు రాయలేదు బాబాయిగారూ?

నటుడు: రాయడానికేముంది, మాట గద.

రచయిత్రి: మాట కాదు, నాటిక! ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ, విడిపోయిన దేశం నుంచి వచ్చిన మిషను, స్పేర్‌పార్ట్ రాదు, మేనేజరుకు తెలీదు, పైన క్రేన్‌లో కూర్చున్నవాడికి అన్నీ తెలుసు. ఇంత సామాను చేతిలో పెట్టుకుని, మీరు పరిషత్తుకు పోయి ఏం ఆడారు? వరకట్నం, వృద్ధాశ్రమం, చివర్లో తండ్రి గుండె పట్టుకుని పడిపోవడం. అవునా కాదా?

నటుడు: ...ఉత్తమ నటుడు ప్రైజు గుండె పట్టుకున్నోనికే ఇస్తుండ్రి.

రచయిత్రి: అదే నా బాధ. బల్ల దగ్గర అంత తెలివైన మనుషులు, స్టేజీ ఎక్కగానే తెలివి బల్ల మీదే వదిలేసి వచ్చేవారు. ఎందుకంటే నవ్వు అప్పటికే అయిపోయింది. ఆకలి తీరిపోయింది. ఇంక రాయాల్సిన అవసరమే లేకపోయింది. మండలి చేసే ద్రోహం ఇదే.

నటుడు: ఇగో, ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ మాట అన్నోడు ఎవడు? క్రేన్ ఆపరేటరు. ఏడో తరగతి చదివిండు. సంతకం తప్ప ఎన్నడు కలం పట్టలె. వాడు పానుగంటి కాడు, ఒక్కడు కూసోని ఐదుగుర్ని పుట్టిచ్చుకోనీకి. వాడు షాపుల అన్న మాట సాయంత్రం బల్ల కాడ మళ్లొకపారి అన్నడు, మేము నవ్వినం, రేపు ఇంకోటి తెచ్చిండు. మా నలుగురే వాని పుస్తకం. నువ్వు రాసేటోళ్ల దిక్కు నుంచి చూస్తున్నవ్. రాయనోళ్ల దిక్కు నుంచి చూడు. బల్ల లేకుంటె వానికి నాలుకనే లేదు.

ఆమె దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. నేనైతే జవాబు లేదనే అనుకుంటున్నాను. ‘కన్యాశుల్కం’ సంగతి ఎత్తి ఆమె తప్పించుకోజూసింది: 1892లో విజయనగరంలో మహారాజు ఆనందగజపతి అండన ఆడింది ఒకటి, 1909లో గురజాడ తిరగరాసి అచ్చువేసింది మరొకటి, మనం నెత్తిన పెట్టుకునేది రెండోదాన్నే అని. పెద్దాయన ఆ బంతిని తేలిగ్గా తిప్పికొట్టారు. మొదటిదాన్ని చూసి జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో తెలియకుండా రెండోది రాసేవాడా అని. చిలకమర్తిని కూడా లాక్కొచ్చారు. రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడిగారి నాటక సమాజం అడగబట్టే కదా ఆయన నాటకాలు రాసింది, టంగుటూరి ప్రకాశం వేషాలు కట్టింది. ఈ దశలో ఇద్దరూ పుస్తకాలు విసురుకుంటున్నారు గానీ అసలు సంగతి వేరేచోట ఉంది. అక్కడికి ఆమే వచ్చింది.

రచయిత్రి: మీ క్రేన్ ఆపరేటరు పర్మనెంటు ఉద్యోగి. క్వార్టరు, క్యాంటీను, రెండింటికి సెలవు, ఐదు దాకా తీరిక. ఇప్పుడు పాశమైలారంలో పనిచేసేవాడి సంగతి? బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చి కాంట్రాక్టరు కింద పన్నెండు గంటలు నిలబడి, ఒక్క గదిలో ఆరుగురు పడుకునేవాడు? 2025 జూన్ 30న అక్కడ మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా పోయారు. ఎన్నో రాష్ట్రాల పిల్లలు. వాళ్లలో కూడా మీ క్రేన్ ఆపరేటరు లాంటివాడు ఉండే ఉంటాడు. భోజ్‌పురీలోనో ఒడియాలోనో గదినంతా నవ్వించేవాడు. వాడి మాట మనకెవరికీ తెలీదు. ఇక మీ ఆదివారం బల్ల దగ్గర శ్లేషలు వేసుకుంటూ ఎలా కూర్చోమంటారు?

నటుడు: (చాలాసేపటికి) నేను పోయిన అక్కడికి. ఆ మర్నాడు. గేటు బయట నిలబడ్డోళ్లు ఫోన్లల్ల ఫోటోలు చూపిస్తున్రు. ఏం మాట్లాడాల్నో తెలువలె, వాళ్ల బాస నాకు రాదు. ...కాని ఒక మాట అడుగుత. నువ్వనేది వాళ్లకు మాట లేదని కాదు, కూసునే జాగ, కూసునే యాళ్ల లేదని. అంటె బల్ల కావాలనే గద నువ్వు గూడ అంటున్నది?

రచయిత్రి: మీ బల్ల కాదు.

నటుడు: మరెవలి బల్ల?

రచయిత్రి: పాత మెదక్ జిల్లా మనుషుల్లోనే చూపిస్తాను. ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు హైదరాబాదులో ఆర్ట్ లవర్స్ అని మిత్రుల గుంపు కట్టాడు. బుర్రకథలు చెప్పే తూప్రాన్ కుర్రాడొకడు అందులోకి వచ్చాడు. గద్దర్. ఆ గుంపు కళాప్రియుల గుంపుగా ఉండిపోలేదు, జననాట్యమండలి అయింది. తర్వాత నర్సింగరావు ‘మాభూమి’ సినిమా నిర్మిస్తే అందులో గద్దర్ పాడాడు. గుంపంటే అట్లా ఉండాలి. తనను తాను కరిగించుకోవాలి.

నటుడు: అందరు కరిగిపోతె నవ్వించేటోడెవడు? గద్దర్ గూడ స్టేజి మీద ఎంత ఎటకారం జేసేటోడో నువ్వు చూసినవా? ఆ ఎటకారం మీటింగుల పుట్టలె. దోస్తుల కాడ పుట్టింది.

చీకటి పడింది. చాయ్ బండి ఆయన గ్లాసులు కడిగేస్తున్నాడు, మేము లేవాలని అర్థం. ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. కొత్త నాటిక. సగం తెలుగు, సగం హిందీ. ఇస్నాపూర్ దగ్గర ఒక గదిలో ఆరుగురు కార్మికులు, మూడు మంచాలు. పగటి షిఫ్టువాళ్లు లేస్తే రాత్రి షిఫ్టువాళ్లు పడుకోవాలి. మంచం కోసమే కథంతా. లేబర్ కాంట్రాక్టరు వేషానికి ఈయన పేరు రాసి ఉంది.

నటుడు: అంటె నన్ను ఇంతసేపు తిట్టింది వేషం ఇయ్యనీకా?

రచయిత్రి: తిట్టింది తిట్టడానికే. వేషం వేరే.

నటుడు: (అద్దాలు పెట్టుకుని రెండు పేజీలు తిప్పి) ఇగో ఈ మాట బాలేదు. కాంట్రాక్టరు గింత శుద్ధంగ మాట్లాడడు. మా దోస్తులను పిలుస్త, ఆదివారం చదువుదాం, నలుగురు నాలుగు మాటలు...

రచయిత్రి: ఒక్క మాట మార్చినా ఊరుకోను.

నటుడు: రిహార్సల్‌కన్న పిలవొచ్చునా?

రచయిత్రి: పాశమైలారం నుంచి ముగ్గురు కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లకు ఆదివారం కుదరదు, షిఫ్టు మారే రోజు మంగళవారం. మీ వాళ్లను అప్పుడు రమ్మనండి. కుర్చీలు మాత్రం ముందు వచ్చినవాళ్లకే.

నటుడు: మంగళవారం నాకు బీపీ చెకప్ ఉంది.

రచయిత్రి: మార్చుకోండి.